పిల్లల్ని కాపాడుకునే ఊరు

(ఆదివాసీ విద్యార్థుల శిక్షణా శిబిరంలో ఒక సైకాలజిస్టు చేసిన ప్రసంగం)



పొద్దుటి నుంచి పోడు పట్టాల గురించి, గ్రామసభ తీర్మానాల గురించి, జీవో నంబర్ 3 గురించి మాట్లాడుకున్నాం. ఇందాక టీ తాగేటప్పుడు ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అక్కా, మనది భూమి సమస్య, అడవి సమస్య. మీరేమో ఆత్మహత్యల గురించి, మనసు గురించి చెప్తారంట. భూమి లాక్కున్నోళ్ళని వదిలేసి మనోళ్ళ బుర్రలోనే లోపం ఉందని చెప్పినట్టు కాదా?"

మంచి ప్రశ్న. ఆ తమ్ముడికి జవాబు చెప్పడానికే ఈ అరగంట వాడుకుంటా.

నేను గోదావరి పక్క ఏజెన్సీలో పుట్టిన కోయ బిడ్డను. ఆశ్రమ పాఠశాలలో చదివా. సైకాలజీ చదివి మళ్ళీ ఏజెన్సీకే వచ్చా. హాస్టళ్ళలో, ఊళ్ళలో ఆత్మహత్యలు జరగకుండా చూడటం, జరిగిన ఇళ్ళతో కూర్చోవడం నా పని. తమ్ముడు అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇక్కడిది కాదు. కెనడాది. ముందు అది చెప్తా.

కెనడాలో ఆదివాసుల్లో ఎక్కువమందిని ఫస్ట్ నేషన్స్ అంటారు. అక్కడ తరతరాలుగా ఆదివాసీ పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు. 2008లో ఆ దేశ ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి దీనికి క్షమాపణ చెప్పాడు. ఆ తరాల గాయం ఇంకా మానలేదు. ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు మిగతా వాళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దీన్ని చూసి చాలామంది "ఆదివాసులంటేనే ఇంత, వాళ్ళ స్వభావమే అంత" అనేశారు.

మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఈ మాటను నమ్మలేదు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో దాదాపు 200 ఆదివాసీ సముదాయాలు ఉన్నాయి. 1987 నుంచి 1992 వరకు ఏ సముదాయంలో ఎంతమంది యువకులు ప్రాణాలు తీసుకున్నారో వాళ్ళు విడివిడిగా లెక్క తీశారు. అంతవరకూ అందరూ కలిపి లెక్కేసేవాళ్ళు. విడదీసి చూస్తే ఏం తేలింది? సగానికి పైగా సముదాయాల్లో ఆ ఐదేళ్ళలో ఒక్క యువకుడు కూడా ఆత్మహత్య చేసుకోలేదు. ఒక్కరు కూడా! దాదాపు 90 శాతం మరణాలు పదో వంతుకు అటూ ఇటూగా ఉన్న కొన్ని సముదాయాల్లోనే జరిగాయి.

అంటే అది ఆదివాసీ రక్తంలో ఉన్న జబ్బు కాదు. ఒక ఊళ్ళో ఉంది, పక్క ఊళ్ళో లేదు. మరి తేడా ఎక్కడుంది?

వాళ్ళు ఆరు విషయాలు చూశారు. ఆ సముదాయం తన భూమి హక్కు కోసం కొట్లాడుతోందా? తన పాలన తన చేతిలో ఉందా? బడి తన చేతిలో ఉందా? ఆరోగ్య సేవలు, పోలీసు, అగ్నిమాపక సేవలు తన అజమాయిషీలో ఉన్నాయా? తన సంస్కృతి కోసం ఒక చోటు కట్టుకుందా? ఈ ఆరూ ఉన్న సముదాయాల్లో ఆ ఐదేళ్ళలో యువత ఆత్మహత్యలు లేవు. ఒక్కటి కూడా లేని చోట్ల అన్నిటికన్నా ఎక్కువ. 1998లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత 2007లో భాష గురించి మరొకటి రాశారు. సగానికి పైగా జనం సొంత భాషలో మాట్లాడగలిగే సముదాయాల్లో యువత ఆత్మహత్యలు చాలా తక్కువ, కొన్నిచోట్ల అసలు లేవు. సగం కన్నా తక్కువ మంది మాట్లాడే చోట ఆరు రెట్లు ఎక్కువ.

ఇప్పుడు చెప్పు తమ్ముడూ. భూమి, స్వపరిపాలన, బడి, భాష. పొద్దుటి నుంచి మనం మాట్లాడింది ఇదే కదా. మన ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు ఆదివాసులకే అని చెప్పిన జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని గురించి ఉద్యోగాల లెక్కలోనే మాట్లాడుకుంటున్నాం. ఆరేళ్ళ పిల్ల బళ్ళో అడుగుపెట్టిన రోజు తన మాట అర్థమయ్యే మనిషి ఎదురుగా ఉండటం ఆ పిల్ల మనసుకు ఎంత ధైర్యమో నేను సైకాలజిస్టుగా చెప్తున్నా. మన ఆశ్రమ పాఠశాలలు కెనడా స్కూళ్ళతో సమానమని నేను అనను. నేను ఆశ్రమ పాఠశాల వల్లే ఇక్కడ నిలబడ్డా. కానీ నా భాష మాట్లాడితే నవ్విన రోజు నాకింకా గుర్తుంది. ఆ రోజు ఇంటికి పోయి అమ్మతో కూడా తెలుగులోనే మాట్లాడా. అమ్మ ఏమీ అనలేదు. నా వైపు చూసి ఊరుకుంది.

కాబట్టి మన పోరాటం మానసిక ఆరోగ్యానికి వేరు కాదు. రెండూ ఒకే చెట్టు.

అలాగని నేను మీకు అబద్ధం చెప్పను. పట్టా వస్తే ఆత్మహత్యలు వాటంతటవే ఆగిపోతాయని ఆ పరిశోధన చెప్పలేదు. ఆ రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పింది. ఇంకొక సంగతి. గెలుపు వచ్చేదాకా ఏళ్ళు పడతాయి. ఈ రాత్రి ఏదో ఒక హాస్టల్ గదిలో, ఏదో ఒక పాకలో మన పిల్లవాడో పిల్లో ఒంటరిగా కూర్చుని ఉంటారు. వాళ్ళకి ఏళ్ళు లేవు. ఈ రాత్రే ఉంది. అందుకే నా పని.

ఈ పని మొదట్లో నాకు చేతకాలేదు. అచ్చేసిన ప్రశ్నల కాగితం పట్టుకుని ఊళ్ళకు పోయేదాన్ని. "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు పనుల మీద ఆసక్తి తగ్గింది?" అని అడిగితే ఒక ముసలమ్మ నవ్వి, "కూలి పని మీద ఆసక్తి ఎవరికుంటది బిడ్డా" అంది. డిప్రెషన్ అనే మాట మన ఊళ్ళలో ఎవరూ అనరు. గుండె బరువుగా ఉందంటారు. నిద్ర పట్టట్లేదంటారు. ఒళ్ళంతా లాగుతోందంటారు. అన్నం సహించట్లేదంటారు. ఆ మాటలు వినడం నేర్చుకున్నాకే నాకు మనుషులు కనపడ్డారు. కాగితం సంచిలో పెట్టి ఇప్పపూలు ఏరే చోటికి, అడ్డాకులు కుట్టే చోటికి పోయి కూర్చోవడం మొదలుపెట్టా.

అయినా తప్పు చేశా. ఒక హాస్టల్‌లో ఒక ఆడపిల్ల నాతో పది నిమిషాలు మాట్లాడింది. ఏదో చెప్పబోయి ఆగింది. నాకు ఇంకో ఊరు పోవాలి, బస్సు టైమవుతోంది. "వారం తర్వాత వస్తా, అప్పుడు అంతా చెబుదువు గానీ" అన్నా. వారం తర్వాత నేను వెళ్ళేసరికి ఆ పిల్ల లేదు. ఈ సంగతి సభల్లో చెప్పుకోవడం నాకేం గొప్ప కాదు. మీరు నాలాగా చేయకూడదని చెప్తున్నా. చెప్పబోయి ఆగిన మనిషి ఎదురుగా ఉంటే బస్సు పోనివ్వండి.

ఇప్పుడు ఇంకొక కథ. చదువు రాని ఒక అత్త నాకన్నా బాగా చేసిన పని.

ఇంటర్ రెండో సంవత్సరం చదివే కుర్రాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంటికొచ్చేశాడు. వాలీబాల్ అంటే ప్రాణం పెట్టేవాడు, ఆడటం మానేశాడు. తన బూట్లు తీసి చిన్నాన్న కొడుక్కి ఇచ్చేశాడు. ఒకరోజు అన్నం దగ్గర "నేను లేకపోతే అమ్మకి అప్పన్నా తగ్గుద్ది" అన్నాడు. ఇంట్లో అందరూ కోపం మాటనుకున్నారు. మేనత్త మాత్రం అంతకు ముందు నెల చెట్టు కింద మా మీటింగులో కూర్చున్న మనిషి. ఆ రాత్రి వాణ్ణి బయటికి పిలిచి సూటిగా అడిగింది. "ఒరేయ్, చచ్చిపోదామనుకుంటున్నావా?"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చాడు. ఆమె తిట్టలేదు. "మీ అమ్మ ఏమైపోద్దిరా" అని భయపెట్టలేదు. నీతులు చెప్పలేదు. "ఈ రాత్రికి మా ఇంట్లో పడుకో" అంది. వాళ్ళింట్లో పత్తికి తెచ్చిన పురుగుల మందు డబ్బాను అన్నతో చెప్పి తీయించింది. పొద్దున్నే నాకు ఫోన్ చేయించింది. నేను వెళ్ళా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మందులు వాడాడు.

వాడు సప్లిమెంటరీ రాసి పాసయ్యాడని అనుకుంటున్నారేమో. లేదు. ఒక సబ్జెక్టు మళ్ళీ పోయింది. తర్వాత ఏడాది పాసయ్యాడు. ఒకసారి నేనడిగా, "ఏంరా, నిన్ను నిలబెట్టింది ఏంటి?" అని. "అత్త రోజూ వచ్చేదక్కా. ఏమీ అడిగేది కాదు. వచ్చి కూర్చునేది" అన్నాడు.

ఈ కథలో నాలుగు పనులున్నాయి. మీలో ప్రతి ఒక్కరూ చేయగలిగినవే.

ఒకటి, గమనించడం. ఇష్టమైన పనులు మానేయడం, తన వస్తువులు పంచేయడం, "నేను భారం", "ఇంక అందరికీ సెలవు" లాంటి మాటలు, ఉన్నట్టుండి తాగుడు పెరగడం, నిద్ర లేకపోవడం, మనుషుల్ని తప్పించుకుని తిరగడం. స్టేటస్‌లో పెట్టిన మాట కూడా మాటే. చూసి ఎమోజీ పెట్టి వదిలేయొద్దు.

రెండు, సూటిగా అడగడం. "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుద్దేమో" అని భయపడతారు. అలా కాదు. అడిగితే ఆలోచన పుట్టదు. లోపల దాచుకుని మోస్తున్నవాడికి దించుకునే చోటు దొరుకుతుంది. అడిగాక వినాలి. మధ్యలో సలహా ఇవ్వొద్దు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వేయొద్దు. "నీ ప్రాణం విషయం కదా, నమ్మకమున్న పెద్దవాళ్ళకి చెప్తా, నీ పక్కనే ఉంటా" అనండి.

మూడు, ప్రమాదాన్ని దూరం పెట్టడం. చావాలనే ఆలోచన చాలామందిలో ఒక ఉధృతిలో వస్తుంది, తగ్గుతుంది. ఆ గంట దాటిస్తే చాలాసార్లు మనిషి దక్కుతాడు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించారు. 1995 తర్వాత 20 ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. ఆ నిషేధాల వల్ల 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. మనుషుల కష్టాలు ఆ 20 ఏళ్ళలో తీరిపోయాయా? లేదు. చేతికి అందే విషం తగ్గింది, అంతే. మరి మన ఊళ్ళలో? పత్తి వచ్చాక మందు డబ్బా ఇంట్లోకొచ్చింది. అటకమీద, మంచం కింద, బియ్యం పక్కన పెడుతున్నాం. దాన్ని ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో పెట్టండి. అవసరమైనంతే కొనండి. పది ఇళ్ళు కలిసి ఊరి బయట ఒక చోట పెట్టుకుంటే ఇంకా మంచిది.

నాలుగు, మళ్ళీ మళ్ళీ పలకరించడం. ఇది చిన్న మాటలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో దీన్ని పరీక్షించింది. మన చెన్నై కూడా అందులో ఉంది. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. ఇంకో గుంపుకు దానితో పాటు ఒక గంట మాట్లాడటం, తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికెళ్ళో ఎలా ఉన్నారని అడగడం. మొదటి గుంపులో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరించిన గుంపులో 0.2 శాతం. 2008లో ఈ ఫలితాలు వచ్చాయి. ఖరీదైన యంత్రం లేదు, పెద్ద బిల్డింగ్ లేదు. ఆ అత్త చేసిన పనే.

ఇక చట్టం గురించి. ఎవరైనా ప్రాణం తీసుకోబోతే కేసవుతుందని భయపడి మనోళ్ళు ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్తారు, దాచిపెడతారు. ఆ భయం వదలండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. వడ్డె దగ్గరికి పోవాలనుకుంటే పోండి, నేను కాదనను. మన పెద్దల మీద నాకూ నమ్మకముంది. కానీ ముందు ఆసుపత్రి, తర్వాత పూజ. నేను పనిచేసే ఊళ్ళలో వడ్డెలే ఈ మాట చెప్తున్నారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు మళ్ళీ వస్తా. ఏ బాధ కౌన్సెలింగుతో తీరుతుంది, ఏది తీరదు?

2019 మే నెలలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. తడ్వీ భిల్ ఆదివాసీ బిడ్డ. పీజీ చదువుతోంది. తోటి సీనియర్లు కులం పేరుతో వేధించారని కుటుంబం ఫిర్యాదు చేసింది, కేసు నడిచింది. తీర్పు చెప్పడం నా పని కాదు. నేను చెప్పేది ఒకటే. ఎవరైనా మిమ్మల్ని జాతి పేరుతో అవమానిస్తుంటే, ఆ అవమానాన్ని తట్టుకోవడం నేర్పేది వైద్యం కాదు. అలా నేర్పే సైకాలజిస్టు దగ్గరికి పోవద్దు. అవమానాన్ని ఆపాలి. రాసి ఫిర్యాదు చేయాలి, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, సంఘం ఉంది. మీతో పాటు ఆఫీసుకు వచ్చి నిలబడే నలుగురు కావాలి. అదే సమయంలో నిద్రపట్టని రాత్రుల్లో ఫోన్ ఎత్తే ఒక మనిషి కూడా కావాలి. ఫిర్యాదు తేలేదాకా బతికుండాలి కదా.

చివరిగా ఒక కష్టమైన మాట. కొందరికి కోపం రావొచ్చు.

తెలంగాణ ఉద్యమంలో ఎందరో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ తల్లిదండ్రుల దుఃఖానికి నేను తలవంచుతా. వాళ్ళని ఒక్క మాట అనను. కానీ ఆ రోజుల నుంచి మనకొక అలవాటైంది. ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే ఫ్లెక్సీ కడతాం. అమరుడంటాం. ఫోటో పెట్టి పాట జోడించి షేర్ చేస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ అదే బాధలో ఉన్న ఇంకో పిల్లవాడు దాన్ని ఎలా చూస్తాడో ఆలోచించండి. బతికున్నప్పుడు నన్నెవరూ పట్టించుకోలేదు, పోతే ఊరంతా నా పేరు చెప్తుందని అనుకోడా? కొమురం భీం ప్రాణం తీసుకోలేదు. భూమి కోసం నిలబడ్డాడు, చంపారు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవొద్దు.

చనిపోయిన బిడ్డను గౌరవించండి. ఆ ఇంటికి వెళ్ళండి, వాళ్ళతో కూర్చోండి, దినాలు అయిపోయాక కూడా వెళ్ళండి. కారణమైన అన్యాయం మీద కొట్లాడండి. కానీ ఎలా చనిపోయాడో రాయొద్దు. ఆ ఫోటోలు, చివరి ఉత్తరం పెట్టొద్దు. ఏ పోస్టు పెట్టినా కింద సాయం దొరికే నంబరు రాయండి.

మరి ఊరు ఏం చేయాలి? నేను పెద్ద పథకం చెప్పను. గ్రామసభలో ఏడాదికి ఒకసారి పిల్లల గురించి అజెండా పెట్టండి: ఎవరు చదువు మానేశారు, ఎవరు ఇంటికొచ్చేశారు, ఎవరు మాట్లాడట్లేదు. పీసా చట్టం మన ఆచారాలు, మన సంస్కృతి కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, నియంత్రించే అధికారం కూడా అందులో ఉంది. వాడుకోండి. హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన పిల్లల్ని పండగలో కూర్చోబెట్టండి. రేల పాట వాళ్ళకి రాకపోతే నవ్వొద్దు, నేర్పండి. ఇంటర్ ఫలితాలొచ్చే రోజు ఫెయిలైన పిల్లవాడి ఇంటికి ముందు ఒకరు వెళ్ళి కూర్చోండి. పాసైనవాళ్ళకి స్వీట్లు తర్వాత పంచొచ్చు.

ఇక మీలో ఎవరైనా ఈ మాటలు వింటూ "ఇది నా గురించే" అనుకుంటుంటే, నీకు చెప్తున్నా. నువ్వు బలహీనుడివి కాదు, జాతికి మచ్చ కాదు. ఈ బాధ తగ్గుతుంది. తగ్గిన వాళ్ళని నేను రోజూ చూస్తున్నా. ఈ సభ అయ్యాక నా దగ్గరికి రా. మాట్లాడటం ఇబ్బందైతే ఊరికే పక్కన నిలబడు, నాకర్థమవుద్ది. నేను లేనప్పుడు టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఒకసారి లైన్ కలవకపోతే మళ్ళీ చెయ్. ఈలోపు ఒంటరిగా ఉండొద్దు, ఎవరో ఒకరి పక్కకు పోయి కూర్చో.

మిగతా వాళ్ళకి ఒక పని. ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క మనిషికి ఫోన్ చేయండి. చాలా రోజులుగా మాట్లాడని మనిషి, మీకెందుకో గుర్తొస్తున్న మనిషి. "ఎలా ఉన్నావ్?" అని అడగండి. "బాగానే ఉన్నా" అంటే వెంటనే పెట్టేయొద్దు. ఇంకొక్కసారి అడగండి.

నాకు ఈసారి బస్సు తొందర లేదు. రాత్రి ఇక్కడే ఉంటా.

జోహార్.